రిమార్కుల గడి

వేలం పాకలో లెక్క రాసేదాన్ని నేను.
పదో తరగతి తప్పాను గానీ
ఎక్కాలు తప్పలేదు.
ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, ఐదు గళ్లు:
తేదీ, పడవ, చేప, ధర,
చివర్న వేలెడు వెడల్పున రిమార్కులు.
ఆ గడి ఎందుకో ఎవరూ చెప్పలేదు.
ఖాళీగా వదిలితే ఆడిటరు తిడతాడేమోనని
మొదటిరోజు రాశాను:
గాలి తూర్పు. దేశమ్మ కోడి పొదుగుడు కూచుంది.

పీతలకుప్పానికి వాకాడు నుంచి ఒక బస్సు,
అది రాకుంటే కాళ్లు.
ఇటు సముద్రం, అటు బకింగాం కాలువ,
నడుమ వంగిన రొయ్యలాగా మా నేల.

వంజరం కిలో నలభై.
కరెంటొచ్చింది. మొదటి బల్బు కింద
అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు.

వేట లేదు, రాకెట్టు దినం.
పిల్లలంతా మిద్దెక్కారు.
ఊరికి మిద్దె ఒకటే, సొసైటీది.

కవళ్లు తట్ట పదిహేను.
ఐసుపెట్టె దిగింది. ఎండుచేపల వాసన సగమైంది.
మునెమ్మ తన ముక్కే చెడిందనుకుని
ఆరెంపీకి చూపించుకొచ్చింది.

నైలాను వలలు పదారు.
నూలు వలలల్లే నాగూరయ్య
చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకోడం నేర్చుకుంటున్నాడు.

ఆ డిసెంబరు వారం మాత్రం
ఐదు గళ్లూ ఖాళీ.
పక్క పేజీ సిరా ఉబ్బి ఇటు పాకింది, అంతే.
తర్వాత రాద్దామనుకున్నాను.
రాయలేదు.

ఆ తర్వాత అక్షరం చిన్నదయింది నాది.
ధర పాకలో పుట్టడం మానేసింది,
చెన్నై నుంచి ఫోనులో వస్తాది.
వేలం పాడే ఆరుముగం
పాడ్డానికేమీ లేక దగ్గేవాడు.
అదీ రాశాను, ఏ తేదీ నుంచి దగ్గాడో.

ఒక ఏప్రిల్లో అట్టమీద నెల్లూరు కొట్టేసి
తిరుపతి జిల్లా అని రాశాను.
దేవుడు దగ్గరయ్యాడంది దేశమ్మ.
కలెక్టరు దూరమయ్యాడన్నాడు ఆమె మొగుడు.
మడవలు ఆరోజూ మడవల్లాగే వచ్చినాయి.

పోయిన నెల సర్వేవాళ్లు దిగారు.
కడలి కోత ఎంతో తేల్చాలంట.
పాత లెక్కలేమన్నా ఉండాయా అంటే
అట్టపెట్టె మోసుకొచ్చాను.
పదకొండు పుస్తకాలు, మూడు చెదలు మిగిల్చినవి.
తిరగేసి తిరగేసి దొరికింది ఒక ముక్క:
పాక గుంజ నుంచి అల దాకా 212 అడుగులు.
ఆరుముగం నడిచాడు. పందెం బీడీకట్ట.

కుర్ర ఇంజనీరు కళ్లజోడు తుడుచుకున్నాడు.
"అడుగంటే? స్కేలు అడుగా?"
"కాదు సార్, ఆరుముగం అడుగు.
ఎడమకాలు కురచ ఆయనకి.
ఒకటి పెద్దది పడేది, ఒకటి చిన్నది."
"ఆయన్ని పిలవండి."
అందరూ నా మొహం చూశారు.
నేను పుస్తకం చూశాను.

అప్పుడు వెనక నుంచి మస్తాను వచ్చాడు,
చిన్నప్పుడు ఆ నడక వెక్కిరించి
తెడ్డుతో తన్నులు తిన్న మస్తాను,
ఇప్పుడు నెరిసిన మీసం.
"నాకొచ్చు సార్ ఆ నడక."

గుంజకి వీపానించి మొదలుపెట్టాడు.
పెద్దది, చిన్నది. పెద్దది, చిన్నది.
భుజం కూడా అట్నే వాలింది.
పదో అడుగు దాకా నవ్వారు జనం.
ఇరవైకి ఎవరో పైకే లెక్కపెట్టసాగారు.
నలభైకి అందరూ.
ఎనభై ఒకటికి కాలు తడిసింది.

ఇంజనీరు టేపు పరిచి
ఏవో మీటర్లు రాసుకుని పోయాడు.

నేనూ రాశాను:
మడవ కిలో మూడొందలు. గాలి దక్షిణం.
81.
మస్తాను ఇంటి దాకా
కుంటుతూనే పోయాడు.